చలిగదిలో నల్ల కారు

సంజీవమ్మ గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. "రండమ్మా, కూర్చోండి" అని అబ్బులు రెండుసార్లు పిలిచాక గాని లోపలికి రాలేదు. వచ్చినా కుర్చీ అంచునే కూర్చుంది. ఒక ప్లాస్టిక్ కవరును రెండు చేతులతో పొట్టకు అదుముకుని ఉంది. కువైట్‌లోని మిష్రిఫ్ పేటలో ఒక విల్లాలో పనిచేస్తుందట. ఆమె మామా అని పిలిచే ఆ ఇంటి యజమానురాలు రెండు గంటల్లో తిరిగి రమ్మని చెప్పి పంపిందట.

"మా ఆయన సచ్చిపోయినాడమ్మా," అంది సుధారాణి వైపు చూస్తూ. "శుక్రవారం నాడు. షువైఖ్‌లో కోళ్ళు, చేపలు గడ్డకట్టించి పెట్టే చలిగది ఉంది సూడు, దాంట్లో. ఖుద్దూసన్న బయట తాళమేసి సంపినాడని పోలీసులు పట్టుకపోయినారు. ఆయన సంపలేదు."

"ఎట్లా చెప్పగలవు?"

"పద్దెనిమిదేండ్లు ఇద్దరూ ఒక గిన్నెలో తిన్నారు. శుక్రవారం పొద్దున కూడా నేను పంపిన సంగటి ఇద్దరూ పంచుకున్నారు. కడుపు నింపుకొని పోయి తాళమేస్తాడా ఎవురైనా?"

సుధారాణి ఆమెకు నీళ్ళ గ్లాసు జరిపింది. సుధారాణిది ప్రొద్దుటూరు. పదేళ్ళు ఇన్సూరెన్స్ కంపెనీల తరఫున ప్రమాదాల్లో నలిగిన కార్లను పరిశీలించి, ఇప్పుడు కువైట్ సిటీలో ఒక లాయరు ఆఫీసు వెనక గదిలో ప్రైవేటు దర్యాప్తులు చేస్తోంది. అబ్బులు ఆమెకు డ్రైవరూ, గుమాస్తా, తోడూ. అమలాపురం దగ్గరి పల్లె నుంచి వచ్చి ఇరవై రెండేళ్ళయినా అతనికి ఈ ఊళ్ళో అబ్బురంగా తోచిన మనిషి ఆవిడొక్కతే.

సంజీవమ్మ మెల్లగా జరిగింది చెప్పింది. ఆమె భర్త గంగులయ్య షువైఖ్‌లోని ఒక గ్యారేజీలో పెద్ద మెకానిక్. వేగంగా పోయే ఖరీదైన కార్లను మంచు కొండల్లో తిరగడానికి తయారుచేయడం ఆ గ్యారేజీ ప్రత్యేకత. చలికాలం వస్తే ఇక్కడి డబ్బున్న కుర్రాళ్ళు తమ కార్లను ఓడెక్కించి రష్యా పక్కనున్న జార్జియా కొండలకు పంపుతారు. ఈ అక్టోబరులో యూసఫ్ అనే ఆయన నల్ల కారు తయారవుతోంది. అది గడ్డకట్టే చలిలో ఎలా ఉంటుందో చూడాలని గంగులయ్య గురువారం దాన్ని దగ్గర్లోని చలిగదిలో పెట్టించాడు. శుక్రవారం సాయంత్రం అదే కారు సీట్లో ముడుచుకుని చనిపోయి కనిపించాడు.

"పోయిన చలికాలం నా తమ్ముడు నరసింహులు కూడా అట్లాంటి కారులోనే పోయినాడు," అంది సంజీవమ్మ. "సల్వాలో ఒకింట్లో డ్రైవరు. సేట్‌తో మంచు కొండలకు పోయినాడు. మలుపులో కారు జారి లోయలో పడిపోయింది. ఆ కారును తయారుచేసింది మా ఆయనే. అప్పటినుంచి ఆయన నిద్రపోలేదు. నా చేతుల్తో నేనే బామ్మర్దిని సంపుకున్నానా అని ఏడ్చేవాడు."

ఆమె కవరు విప్పింది. శవం జేబుల్లో దొరికినవని పోలీసులు ఇచ్చిన వస్తువులు: సివిల్ ఐడీ కార్డు, ఫోను, చిన్న దువ్వెన, చేతిరుమాలు, బొటనవేలి గోరంత నల్ల రబ్బరు ముక్క. ఇంకేం లేవు. సుధారాణి రబ్బరు ముక్కను వెలుతురులో పెట్టి చూసింది. ముందువైపు 3424 అని నాలుగు అంకెలు ఉబ్బెత్తుగా ఉన్నాయి. వెనకవైపు ఎండిన జిగురు. దాన్ని ఆమె అలా ఎంతసేపు చూసిందంటే అబ్బులుకు తన గడియారం చూసుకోవాలనిపించింది.

"బేస్తవారం శవాన్ని ఊరికి పంపుతారంట. నన్నూ పొమ్మంటాండారు. ఖుద్దూసన్నకు ఎవురూ లేరమ్మా. ఆయన పెండ్లాం మస్తాన్ బీకి నేనేమని ముఖం చూపించేది?"

"రెండు రోజులుంది," అంది సుధారాణి. "వెళ్ళి నీ పని చూసుకో. ఫోను, ఈ ముక్క నా దగ్గర ఉంచుతా."

పోలీస్ స్టేషన్లో లాయరు ఉత్తరం చూపించాక అబ్దుల్ ఖుద్దూస్‌తో పావుగంట మాట్లాడనిచ్చారు. కడప మనిషి, యాభై దాటినవాడు. నాలుగు రోజుల్లో బుగ్గలు లోపలికి పోయాయి. చలిగదికి కాపలాదారు అతనే.

"శుక్రవారం ఏం జరిగిందో మొదటినుంచి చెప్పు."

"పదకొండుకు గంగులన్న వచ్చినాడమ్మా. కోటు తగిలించుకొని లోపలికి పోయి బండి స్టార్ట్ చేసినాడు. ఒక్క తిప్పుకే అందుకుంది. నవ్వినాడు కూడా. మళ్ళీ ఆపేసి టైర్ల దగ్గర కూర్చున్నాడు. పదకొండుంబావుకు నేను నమాజుకు పోతాండా అని చెప్పినా. సరే పో అన్నాడు. తాళం తెరిచి కొక్కేనికి తగిలించి పోయినా. అది తాళంచెవితో పనిలేదు, నొక్కితే పడే తాళం."

"లోపలినుంచి తలుపు తెరుచుకోదా?"

"పిడి ఉంది. తోస్తే తెరుచుకుంటుంది. కానీ బయట తాళం పడితే ఖలాస్, ఎంత తోసినా రాదు. లోపల ఫోనూ పలకదు. శుక్రవారం మధ్యాహ్నం ఆ వీధిలో మనిషే ఉండడు." అతను చేతులు చూసుకున్నాడు. "నమాజు అయినాక రూములో తిని, నాలుగ్గంటలకు వచ్చి చూస్తే తాళం పడుంది. తీసి చూస్తే అన్న కారులో ముడుచుకొని ఉండాడు. ఒంటిమీద పల్చటి చొక్కానే. కోటు బయట మేకుకుంది. దాన్ని తీసుకపోయి ఆయన మీద కప్పినా. ఆ తర్వాతే అరిచినా. జనం వచ్చినారు, పోలీసులొచ్చినారు."

"కోటు నువ్వే కప్పినట్టు పోలీసులకు చెప్పావా?"

"నన్నెవరడిగినారు? శవం మీద కోటుందని రాసుకున్నారు, అంతే. తాళమెందుకేసినావ్, అదొక్కటే అడిగినారు."

"మరెవరికైనా చెప్పావా?"

"ఎవరికి చెప్పేది? అప్పట్నుంచి లోపలే ఉండా కదమ్మా."

ఆస్పత్రి కాగితం నకలును లాయరు తెప్పించాడు. చలి వల్ల మరణం. రెండు చేతుల కణుపులూ చితికి ఉన్నాయని అందులో రాసి ఉంది. అబ్బులు ఆ వాక్యం చదివి కాగితం మడిచి పెట్టేశాడు.

గ్యారేజీకి వెళ్ళేసరికి నల్ల కారు లిఫ్టు మీద ఉంది. మహేష్ అనే పాతికేళ్ళ మెకానిక్ దాని కింద నిలబడి ఉన్నాడు. గంగులయ్య దగ్గర నాలుగేళ్ళుగా పని నేర్చుకుంటున్నవాడు. అతని కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"మంచులో తిప్పాలంటే ఏమేం చేస్తారు దీనికి?" అని అడిగింది సుధారాణి.

"శానా ఉంది మేడమ్. ఇక్కడ రేడియేటర్లో ఉట్టి నీళ్ళున్నా నడుస్తుంది. అక్కడ గడ్డకట్టి ఇంజను పగుల్తుంది, దానికి వేరే మందు పోయాల. అద్దం కడిగే నీళ్ళూ అంతే. మామూలు నీళ్ళు కొడితే అద్దం మీదే మంచైపోయి దారి కనపడదు. బండి కిందికుంటుంది కాబట్టి టైర్లకు గొలుసులు పట్టవు, గుడ్డ తొడుగులు ఇస్తాం. అన్నిటికన్నా టైర్లు ముఖ్యం. చలికి బిగుసుకోని మెత్తటి రబ్బరు ఉండాల. అన్న రోజూ చెప్పే మాట అది."

"ఇవేనా ఆ టైర్లు?"

"ఇవి నిన్న మార్చినవి మేడమ్. చావు చూసిన టైర్లు కస్టమరుకు ఇయ్యకూడదని మేనేజరన్న వేరే కొత్తవి తెప్పించినాడు. పాతవి తుక్కుకు పోయినాయి."

"చలిగదినుంచి కారును ఎవరు తెచ్చారు?"

"నేనే. శుక్రవారం సాయంత్రం పోలీసులు బండి తీయమన్నారంట. మేనేజరన్న అక్కడినుంచే నాకు ఫోన్ చేసి, గ్యారేజీలో బోర్డుకు తాళంచెవి ఉంది, తీసుకరా అన్నాడు. తీసుకపోయినా."

సుధారాణి గోడమీది బోర్డు చూసింది. వరసగా కొక్కేలు, కొక్కేనికొక తాళంచెవి.

మేనేజరు ఉదయ్‌కుమార్ అద్దాల గదిలోంచి బయటికొచ్చాడు. అబ్బులును చూడగానే ముఖం విప్పారింది. "ఓర్నీ, అబ్బులూ! ఎన్నాళ్ళయిందిరా నిన్ను చూసి!" అంటూ భుజం మీద చెయ్యి వేశాడు. పదిహేనేళ్ళ కిందట వీసా ఇచ్చిన యజమాని, కఫీల్, బయటికి పొమ్మంటే దిక్కులేక నిలబడిన తనను రెండు నెలలు తన రూములో ఉంచుకుని అన్నం పెట్టింది ఈ ఉదయ్‌కుమారే. ఇద్దరిదీ కోనసీమే.

"గంగులయ్య ఆఖరి ఫోను మీకే చేశాడు," అంది సుధారాణి. "పదకొండూ ఇరవై నాలుగుకి."

"చేశాడండి. బండి బాగా స్టార్టయ్యిందని చెప్పాడండి, అంతే. నేనా, శుక్రవారం కదండి, అబ్బాసియాలో నా రూములో చేపల పులుసు పెట్టుకుంటున్నాను. ఐదింటికి పోలీసోళ్ళు ఫోన్ చేస్తే పరిగెత్తుకొచ్చాను. అప్పటికే జనం." అతను తల విదిలించాడు. "మంచి పనోడండి, కాకపోతే మొండోడు. కోటు అక్కడ మేకుకి వేలాడతానే ఉందండి. అది తగిలించుకోడానిక్కూడా బద్ధకమేనా? ఆ ఖుద్దూస్ కూడా చూసుకోకుండా తాళం నొక్కేసి ఉంటాడు. ఎవరిని అనుకుంటామండి, అంతా కర్మ."

"నిజమే," అంది సుధారాణి. "టీ ఇప్పిస్తారా?"

టీ తాగుతున్నంతసేపూ ఆమె అమలాపురం వానల గురించి అడిగింది. కారెక్కాక రబ్బరు ముక్కను తీసి మళ్ళీ వెలుతురులో తిప్పి చూసింది.

"మేడమ్ గారండీ," అన్నాడు అబ్బులు, "మహేష్ కుర్రాడు ఏమైనా దాస్తున్నాడంటారా?"

"అబ్బులు గారూ, ఉదయ్‌కుమార్ మీకు అన్నం పెట్టిన మనిషి కదా?"

"అవునండి."

"అయితే రేపు మీరు రాకపోయినా నేనేమీ అనుకోను."

అబ్బులు ఎదుటి రోడ్డు చూస్తూ స్టీరింగు గట్టిగా పట్టుకున్నాడు. ఆమె ఎందుకలా అందో అప్పుడతనికి తెలియలేదు. తెలుసుకోవాలనీ అనిపించలేదు. "వస్తానండి," అన్నాడు.

బుధవారం ఉదయం పది గంటలకు అందరూ చలిగది ముందు చేరారు. ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. దర్యాప్తు అధికారి చేతిలో ఒక కవరుతో నిలబడ్డాడు. ఇద్దరు పోలీసుల మధ్య ఖుద్దూస్ ఉన్నాడు. కారు యజమాని యూసఫ్, మహేష్, ఉదయ్‌కుమార్ ఒక పక్కన. సంజీవమ్మ తలుపుకు దూరంగా గోడ నీడలో నిలబడింది. తలుపు వైపు చూడటం లేదు.

సుధారాణి అధికారితో, యూసఫ్‌తో ఇంగ్లీషులో, మిగతావాళ్ళతో తెలుగులో చెప్పసాగింది.

"గంగులయ్య ఈ కారును చలిగదిలో ఎందుకు పెట్టాడు? ఇంజను చూడటానికని అందరూ అనుకున్నారు. ఇంజను ఒక్క తిప్పుకే అందుకుంది. అయినా అతను వెళ్ళిపోలేదు, టైర్ల దగ్గర కూర్చున్నాడు. ఖుద్దూస్ చూశాడు. అతనికి కావలసింది టైర్ల సంగతి. పోయిన చలికాలం తను తయారుచేసిన కారు మంచులో ఎందుకు జారిందో ఏడాదిగా అతనికి అర్థం కాలేదు. మంచు టైరు పాతబడితే చలికి కొయ్యలా బిగుసుకుపోతుంది. ఇక్కడి వేడిలో ఆ తేడా వేలికి తెలియదు. తెలియాలంటే చలి కావాలి."

ఆమె రబ్బరు ముక్కను తీసింది. "ఇది గంగులయ్య జేబులో దొరికింది. ప్రతి టైరు మీదా అది ఏ ఏడు ఎన్నో వారంలో తయారైందో నాలుగంకెల్లో ఉంటుంది. దీని మీద 3424. అంటే ఇరవై నాలుగో సంవత్సరం, ముప్పై నాలుగో వారం. దాదాపు కొత్త టైరు. కానీ టైరు మీది అంకెలు ఇలా ఊడి రావు. ఇది పాత అంకెల మీద అతికించిన పట్టీ. వేడిలో మెత్తగా పట్టుకున్న జిగురు గడ్డకట్టే చలికి పెళుసై వదిలేసింది."

"కింద ఏముండేదో ఇప్పుడెలా తెలుస్తుంది? ఆ టైర్లు పోయాయి కదా," అన్నాడు యూసఫ్.

సుధారాణి ముక్క వెనకవైపును స్టాంపు ప్యాడు మీద అద్ది, తెల్లకాగితం మీద నొక్కింది. నల్లటి మచ్చ మధ్యలో నాలుగు తెల్లని అంకెలు వచ్చాయి: 2213. "కింద ఉన్న అంకెల అచ్చు జిగురులో నిలిచిపోయింది. పదమూడో సంవత్సరం టైరు. పన్నెండేళ్ళది."

యూసఫ్ ఆ కాగితాన్ని చేతిలోకి తీసుకుని ఉదయ్‌కుమార్ వైపు తిరిగాడు. ఉదయ్‌కుమార్ చేతిరుమాలుతో మెడ తుడుచుకున్నాడు.

"నాకేం తెలుసండి? నాకు టైర్లు అమ్మినోడు మోసం చేసుంటాడు. అబ్బులూ, చెప్పరా, నేనలాంటివాణ్ణా?"

అబ్బులు నేలవైపు చూశాడు.

"గంగులయ్య బయటికొచ్చి మీకు ఫోన్ చేశాడు," అంది సుధారాణి. "కారు తాళంచెవి సంగతి చెప్తాను. పదకొండుకు గంగులయ్య ఇక్కడ కారు స్టార్ట్ చేశాడు. అంటే తాళంచెవి అతని దగ్గరే ఉంది. సాయంత్రం అతని జేబుల్లో లేదు. గ్యారేజీ బోర్డు మీద ఉంది. తలుపుకు తాళం పడిన గదిలోంచి అది నడిచి వెళ్ళలేదు. ఎవరో మధ్యాహ్నం అతని చేతిలోంచి తీసుకున్నారు. అది బోర్డు మీద ఉందని మహేష్‌కి చెప్పింది మీరు."

"రోజూ అక్కడే ఉంటాది కదండి, అలా అనుకున్నాను."

"అలాగే అనుకుందాం. మరి కోటు? మేకుకు వేలాడుతూ ఉందన్నారు."

"ఉందండి. అందరూ చూశారు."

"ఎవరూ చూడలేదు," అంది సుధారాణి నెమ్మదిగా. "ఖుద్దూస్ తలుపు తీయగానే ఆ కోటు తీసి శవం మీద కప్పాడు. ఆ తర్వాతే కేకపెట్టాడు. జనం, పోలీసులు, ఐదింటికొచ్చిన మీరు, అందరూ చూసింది శవం మీదున్న కోటునే. పోలీసులు రాసుకున్నదీ అదే. గంగులయ్య కోటు లేకుండా లోపల ఉన్నప్పుడు తలుపు బయట నిలబడిన మనిషికే అది మేకుకు కనిపిస్తుంది."

చలిగది మీది యంత్రం గుర్రుమంటూ తిరుగుతోంది. దర్యాప్తు అధికారి కవరులోంచి ఒక ఫోటో తీశాడు. పక్క రోడ్డు కెమెరాలోది. ఎవరి కారు కోసం వెతకాలో తెలియనప్పుడు అందులో కొన్ని వందల కార్లు. నిన్న సుధారాణి నంబరు ఇచ్చాక ఒక్కటే. శుక్రవారం పదకొండూ ముప్పై ఎనిమిదికి ఉదయ్‌కుమార్ తెల్లకారు ఈ వీధిలోకి తిరిగింది. పన్నెండుకు మూడు నిమిషాలు తక్కువగా బయటికి వెళ్ళింది.

ఉదయ్‌కుమార్ మెట్టు మీద కూలబడ్డాడు.

"యూసఫ్ సేట్‌కి చెప్పేస్తానన్నాడండి. సల్వా వాళ్ళకీ చెప్పేస్తానన్నాడు. ఆ నరసింహులు చావు నా మెడకి చుట్టుకుంటుందని కాళ్ళు పట్టుకున్నానండి. వినలేదు. మిగతా టైర్ల మీద కూడా పట్టీలున్నాయేమో చూసి చెప్పమన్నాను. రెండు నిమిషాలే కదా అని కోటు లేకుండానే వెళ్ళాడు. తాళం నొక్కేశాను. భయపెడదామనేనండి, దేవుడి తోడు. అరగంటలో వచ్చి తీసేద్దామనుకున్నాను. మళ్ళీ రాలేకపోయాను. కాళ్ళు రాలేదండి."

"భయపెట్టడానికే అయితే లోపలికి పంపేముందు కారు తాళంచెవి ఎందుకు తీసుకున్నారు?" అంది సుధారాణి. "అది ఉంటే హీటరు వేసుకునేవాడు. కాదంటే ఆ కారుతోనే తలుపు బద్దలు కొట్టుకుని బయటపడేవాడు. అది మీకు తెలుసు."

పోలీసులు ఉదయ్‌కుమార్‌ను లేపారు. అతను అబ్బులు పక్కనుంచి పోతూ ఆగి చూశాడు. అబ్బులుకు ఆ రెండు నెలల అన్నం గుర్తొచ్చింది. ఆ అన్నం నిజం, ఇదీ నిజం. రెండింటినీ ఏం చేసుకోవాలో తెలియక ముఖం తిప్పుకున్నాడు.

ఖుద్దూస్ చేతి సంకెళ్ళు తీశారు. అతను సంజీవమ్మ ముందుకు వచ్చి నిలబడి ఏడ్చాడు. సంజీవమ్మ ఏడవలేదు. సుధారాణి దగ్గరికొచ్చింది.

"లోపల ఎంతసేపు బతికుంటాడమ్మా?"

అబద్ధమాడని మనిషి అని అబ్బులుకు సుధారాణి మీద గొప్ప గురి. ఆమె ఒక్క క్షణం తటపటాయించింది. "చలికి తొందరగా నిద్ర పట్టేస్తుంది సంజీవమ్మా. తెలియకుండానే…"

"వద్దులేమ్మా. ఆయన చేతులు నేను సూసినా." సంజీవమ్మ తొలిసారి ఆ ఇనుప తలుపు వైపు చూసింది. "శానాసేపు కొట్టినాడు."

సుధారాణి తల వంచుకుంది.

"అట్లాంటి టైర్లు ఇంకా ఎన్ని కార్లకు ఏసినారు?" అంది సంజీవమ్మ.

మహేష్ గొంతు సవరించుకున్నాడు. "ఈ ఏడు ఇంకా నాలుగు పోయినాయి అక్కా. అన్నీ జార్జియాకే."

"వాళ్ళకెవురు చెప్తారు?"

యజమానులకు ఆఫీసునుంచి లేఖలు పంపుతామన్నాడు దర్యాప్తు అధికారి. సంజీవమ్మకు ఆ మాట అబ్బులు తెలుగులో చెప్పాడు. ఆమె వినిపించుకోలేదు. "లేఖలు ఎప్పుడు పోతాయి? కార్లు నడిపేది డ్రైవర్లు. డ్రైవర్లకు ఫోన్ చేయండి. ఇప్పుడే."

మహేష్ ఫోన్లో నంబర్లున్నాయి. ఆ గోడ నీడలోనే అబ్బులు ఒక్కొక్కటీ కలిపాడు. మొదటి కారు ఇంకా రేవులోనే ఉంది. రెండోది ఒక హోటలు కింద ఆగి ఉంది. మూడో డ్రైవరు పాకిస్తానీ, హిందీలో రెండుసార్లు చెప్పించుకుని, తోలనని ప్రమాణం చేశాడు. నాలుగో నంబరు మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ కలిపాడు. మళ్ళీ. ఐదోసారి ఎత్తారు. గాలి హోరు, దాని వెనక ఇంజను చప్పుడు.

"సిద్ధయ్యగారేనాండి? కువైట్ నుంచండి. బండి ఆపండి. ఆ టైర్లు పాతవండి, మంచులో నిలబడవు."

"ఎవరన్నా నువ్వు? సేట్ పక్కనే ఉండాడు, యల్లా యల్లా, తొందరగా పోనీ అంటాండాడు. మంచు పడతాంది. ముందర అంతా దిగుడే."

అబ్బులు మళ్ళీ చెప్పబోయేలోపు సంజీవమ్మ ఫోను లాక్కుంది.

"నాయనా, యా ఊరు నీది?"

"రాయచోటి పక్కనక్కా."

"మాదీ ఆ పక్కే. నేను గంగులయ్య పెండ్లాన్ని, నరసింహులు అక్కను. నీ బండికి టైర్లేసిన మనిషి సచ్చిపోయినాడు. ఆ టైర్లు పాతవని చెప్పాలని పోయే సచ్చినాడు. సేట్ తిడితే తిట్టనీ, పనిలోనుంచి తీస్తే తియ్యనీ. పక్కకు తీసి ఆపు."

అటువైపు ఎవరో అరబ్బీలో గట్టిగా అరుస్తున్నారు. ఇంజను చప్పుడు పెరిగి, తగ్గి, ఆగిపోయింది.

"ఆపినా అక్కా."

"దిగు."

"దిగినా. కాలు జారతాంది అక్కా."

"అట్లనే నిలబడు నాయనా," అంది సంజీవమ్మ. ఫోను చెవికి అదుముకుని, గోడకు చేరగిలబడి, అప్పుడు ఏడ్చింది.